పేరు మరుగుపడిన మహానగరములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రంథాలయము పల్లెటూర ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయక నిలిచియుండుట సామాన్య విషయము కాదు. గ్రంథాలయోద్యమమును గూర్చి చెప్పుటకు నాకంటె సమర్థులు ఈ వేదికమీదనే యున్నారు. ఆ భారమును వారికి విడిచి, నేను ఈ యుదయము మీ బీరువాలో చూచిన యొక పుస్తకముతో ఆరంభింతును. అది పాత దేశపటముల సంపుటము. దాత యెవరో తన యింటి పుస్తకములతో కలిపి యిచ్చినారట. అట్ట యూడినది. అందు ఆఫ్రికా ఖండపు నడుమ, కాంగో నది యొడ్డున, 'లియోపోల్డ్‌విల్' అని యొక చుక్క యున్నది. నేటి పటములలో ఆ పేరు కానరాదు. ఊరు మాత్రము ఎక్కడికిని పోలేదు. దాని పేరు ఇప్పుడు కిన్షాసా. అచ్చట ఒకటిన్నర కోటికి మించిన జనము నివసించుచున్నారని అంచనా.

సభకు ముందు ఇచ్చటి విద్యార్థులను కొందరిని, ఫ్రెంచి భాష చెల్లుబడియగు నగరములలో పెద్దది యేదని యడిగితిని. అందరును ఒక్క గొంతుతో పారిస్ అనిరి. వారిని తప్పు పట్టను. చాలకాలము నేనును అట్లే చెప్పియుందును. ఫ్రెంచి అధికారభాషగా గల నగరములలో జనసంఖ్యచే అగ్రస్థానము కిన్షాసాది. వీధులలో ఎక్కువగా వినవచ్చునది మాత్రము లింగాల భాష.

1881వ సంవత్సరమున హెన్రీ మోర్టన్ స్టాన్లీ, బెల్జియము రాజగు రెండవ లియోపోల్డు పక్షమున అచ్చట నొక వర్తకస్థానము నెలకొల్పి, దానికి ఆ రాజు పేరే పెట్టెను. ఆ చోటినే యేల యెన్నుకొనెనో నదిని చూచిన తెలియును. కాంగో నది లోపలి దేశమునుండి వచ్చి, అచ్చట సరస్సువలె వెడల్పగును. దాని దిగువ మటాడి రేవు వరకు అన్నియు జలపాతములు, రాళ్లు, సుడులు, పడవ సాగదు. ఎగువనుండి వచ్చిన సరకంతయు అచ్చట గట్టునకు దింపవలసినదే. మొదట దానిని మనుష్యుల నెత్తిమీద మోయించిరి. 1890 నుండి 1898 వరకు శ్రమించి మటాడికి రైలుమార్గము వేసిరి. ఆ పనిలో కూలీలు వందలకొలది మరణించిరి. ఆ దేశమును లియోపోల్డు తన సొంత యాస్తిగా నేలుచు, రబ్బరుకొరకు ప్రజలను పెట్టిన హింస లోకమున గొప్ప యలజడి పుట్టించెను. తుదకు 1908లో బెల్జియము ప్రభుత్వము దానిని తన క్రిందికి తీసికొనెను. అట్టివాని పేరు ఆ నగరము మరి యేబదియెనిమిది సంవత్సరములు మోసినది.

1960 జూను 30వ తేదీన కాంగో స్వతంత్రమయ్యెను. నాడు నగరజనము సుమారు నాలుగు లక్షలు. వెంటనే కల్లోలము చెలరేగెను. ఐక్యరాజ్యసమితి సేన దిగెను. అందు మన భారతసేనయు నుండెను. సమితి ప్రధానకార్యదర్శికి ప్రతినిధిగా అచ్చట కొన్ని నెలలు పనిచేసినవారు మన రాజేశ్వర దయాళ్ గారు. ప్రథమ ప్రధానమంత్రి పాట్రిస్ లుముంబా 1961 జనవరిలో హత్య గావింపబడెను. ఆ దినములలో పత్రికలు చదివిన పెద్దలకు లియోపోల్డ్‌విల్ అను మాట ఏలూరు, వరంగల్లు అన్నంత పరిచితము. 1966లో నగరమునకు కిన్షాసా అని పేరు మార్చిరి. అది ఆ నేలమీద పూర్వమున్న యొక పల్లె పేరు. ఊరు తన పేరు తాను తిరిగి తెచ్చుకొన్నది. లోకము మాత్రము పాత పేరు మరచినది, క్రొత్త పేరు నేర్వలేదు.

మధ్యలో ఒక్క రాత్రి నేర్చినది. 1974 అక్టోబరు 30న మహమ్మదాలీకిని జార్జి ఫోర్మనుకును ముష్టియుద్ధము అచ్చటనే జరిగెను. అమెరికాలోని ప్రేక్షకుల సౌకర్యార్థము ఆ పందెమును తెల్లవారుజామున నాలుగు గంటలకు పెట్టిరి. ఎవరి గడియారము ప్రకారము ఎవరు మేలుకొనవలసి వచ్చినదో గమనింపుడు!

ఆ నగరమున ఇప్పుడెందరున్నారు? సరిగా లెక్కపెట్టినవారు లేరు. కడపటి జనగణన 1984లో జరిగినది. అప్పుడు సుమారు 26 లక్షలు. తరువాతివన్నియు అంచనాలే. పారిస్ నగరమున వీధివీధికి లెక్కయున్నది. దానిని మించిన నగరమునకు లెక్కయే లేదు. పెద్దది, తెలియనిది అను రెండు మాటలు ఒకచోట చేరుటకు ఇంతకంటె నిదర్శనము నాకు తోచదు.

లెక్క లేకున్నను జీవితము సాగుచున్నది. అచ్చటివారికి ముఖ్యాహారము కర్రపెండలము. మన పెద్దాపురము, సామర్లకోట ప్రాంతములవారు దానితో సగ్గుబియ్యము చేయుదురు. వారు ఆ దుంపను నానబెట్టి, ముద్దచేసి, ఆకులలో చుట్టి ఆవిరిపై నుడికింతురు. కోనసీమవారికి పనసాకు పొట్టిక్కలు తలపునకు రావచ్చును. ఎగువనున్న కిసంగాని పట్టణమునుండి 1,700 కిలోమీటర్ల దూరము బల్లకట్టు పడవలు సరకులతో, సంసారములతో వారములతరబడి ప్రయాణించి వచ్చును. ఎదుటి యొడ్డున బ్రజ్జావిల్ అను వేరొక దేశపు రాజధాని. రెండు రాజధానులును ఒకదాని దీపములు మరియొకటి చూచుచుండును. నడుమ వంతెన లేదు.

ఇక సంగీతము. 1960లో స్వాతంత్ర్యమును గూర్చి బ్రసెల్సులో చర్చలు జరుగుచుండగనే జోసెఫ్ కబసెలే బృందము స్వాతంత్ర్యగీతము కట్టి అచ్చటనే పాడెను. అది ఆఫ్రికా అంతట మారుమ్రోగెను. ఆ నగరపు రుంబా సంగీతమును యునెస్కో 2021లో మానవజాతి వారసత్వముల జాబితాలో చేర్చెను. ఈ పాటలు విన్నవారికి కిన్షాసా తెలియని నగరము కాదు. 'తెలియనిది' అనునప్పుడు, ఎవరికి? అని యడుగవలెను. ఆఫ్రికావారికి అది చిరపరిచితము.

చీనాలోని యొక నగరముది మరియొక తీరు. వెనుకటి మన పత్రికలలో 'చుంకింగ్' అని వ్రాసెడివారు. నేడు చోంగ్‌చింగ్ అనుచున్నారు. జపానుతో యుద్ధము జరిగిన కాలమున, 1937 నుండి, అది చీనాకు తాత్కాలిక రాజధాని. ఆకాశమునుండి బాంబులు కురియుచుండగా కొండలు తొలిచి జనులు తల దాచుకొనిరి. 1939 ఆగస్టులో జవహర్లాల్ నెహ్రూ పండితుడు అచ్చటికి వెళ్లెను; ఐరోపాలో యుద్ధము మొదలగుటచే త్వరగా మరలవలసి వచ్చెను. యుద్ధము ముగిసి, రాజధాని నాన్‌కింగునకు మరలినది, విలేఖరులును మరలిరి. దానితో ఆ పేరు మన పత్రికలనుండి జారిపోయెను. 2020 జనగణనలో ఆ నగరపాలనలోని జనసంఖ్య 3 కోట్ల 20 లక్షలు. ఇచ్చట కొంత జాగ్రత్త వలయును. దాని వైశాల్యము సుమారు 82,400 చదరపు కిలోమీటర్లు, అనగా తెలంగాణ రాష్ట్రములో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు. అందు పొలములు, కొండలు, పల్లెలు ననేకము. ప్రపంచమున నదియే పెద్ద నగరమని చెప్పువారు ఈ మాట చెప్పరు. అసలు పట్టణభాగము మాత్రమే తీసికొన్నను కోటికి తక్కువ కాదు.

వూహాన్ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కోటికి పైబడిన జనము. మనము పేరు విన్నది 2020లో, వ్యాధివలన.

యుద్ధము, ముష్టిపందెము, వ్యాధి. పరాయివారికి పని పడినప్పుడే ఆ యూరి పేరు వార్తయగుచున్నది. మనమును ఇందుకు వెలి కాము. మన పిల్లలున్న డల్లాసులో వాన పడినను మన పత్రికలో వచ్చును. అది సహజమే, నేనును మొదట ఆ పుటయే చదువుదును. కాని దూరదేశమున మన హైదరాబాదు పేరు చెప్పి, "పాకిస్తానులోనిదా?" యని యడిగించుకొన్న యనుభవము నాకు కలదు. సింధులోను ఒక హైదరాబాదున్నది కదా! ఆనాడు నాకు కలిగిన చిన్నతనము, కిన్షాసావాడొకడు మనయెదుట నిలిచిన వానికిని కలుగును.

మీ పటముల పుస్తకమును పారవేయవలెనని ఒక సభ్యుడు నాతో ననెను. వలదని మనవి. ప్రక్కన క్రొత్త పటమొకటి కొని యుంచుడు. రెండును పిల్లలకు కలిపి చూపుడు. గ్రంథపాలకుల యనుమతితో ఈ యుదయమే లియోపోల్డ్‌విల్ ప్రక్కన పెన్సిలుతో కిన్షాసా అని వ్రాసితిని. చుంకింగ్ ఉన్న పుట చినిగిపోయినది. దానిని ఎవరైన అతికించినచో వచ్చినప్పుడు అదియు వ్రాయుదును.