మన్యములో తుపాకి ఎట్లు పుట్టినది
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



యువకులు హింసామార్గమును ఏల పట్టుదురు? ఎవడో వచ్చి వారి మనస్సులను చెడగొట్టెనని సమాధానపడుట సులభము. అది సగము మాట. శ్రీకాకుళపు మన్యము సంగతి చూడుడు. నేడు ఆ కొండగ్రామములు అనేకము పార్వతీపురం మన్యం జిల్లాలో నున్నవి.

సవరలు, జాతాపులు షావుకారు వద్ద తిండిగింజలు అప్పు తెచ్చుకొనుట, పంటను కళ్ళములోనే అతనికి కొలిచి యిచ్చుట, తుదకు భూమియే పోవుట అచ్చట పరిపాటి. గిరిజనుల భూమిని కాపాడుటకు 1959లోనే శాసనము వచ్చినది. దాని అమలుకు వలయు నిబంధనలు మాత్రము 1969లో గాని వెలువడలేదు. పదేండ్లు! శాసనము కాగితముపై నుండగా పొలము చేతులు మారుచునే యుండెను.

మొదట గిరిజనులు కోరినది తుపాకి కాదు. వెంపటాపు సత్యనారాయణ అను ఉపాధ్యాయుడు మొదలగువారు సంఘము పెట్టి, కూలి పెంపునకు, భూమికి సభలు జరిపిరి. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద, సభకు పోవుచున్న వారిపై భూస్వాముల పక్షమువారు కాల్పులు జరుపగా ఇద్దరు గిరిజనులు మరణించిరి. మరుసటియేట న్యాయస్థానమున నిందితులు విడుదలైరి. ఆ సంవత్సరాంతముననే సాయుధదళములు కదలినవి.

ఇది హత్యలకు సమర్థన కాదు. దళములు షావుకార్లను, భూస్వాములను వెదకి చంపినవి. 1970 జులైలో సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో మరణించిరి. నడుమ నలిగినది కొండవాడే: రాత్రి దళమునకు అన్నము పెట్టకున్న భయము, పగలు పెట్టితివా యని ప్రశ్న. ఆ 1970లోనే సవరణ శాసనము వచ్చి, ఏజెన్సీలో గిరిజనేతరునకు భూమి బదిలీ చెల్లదనెను. పదేండ్ల ముందే వచ్చి, సక్రమముగా అమలైన యెడల ఎన్ని ప్రాణములు దక్కెడివో!

ఇక మీ పని. 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో అన్యాక్రాంతమైన భూమిని తిరిగి యిప్పించుటకును, వడ్డీవ్యాపారమును అదుపుచేయుటకును గ్రామసభకు, పంచాయతీలకు అధికారము నిచ్చినది. మైదానపు గ్రామములకు ఆ చట్టము లేకున్నను, కూలి తగాదా, శ్మశానపు దారి తగాదా అచ్చటను గలవు. చిన్నవని త్రోసివేయకుడు.

ఊరి కుర్రవాడెవడైన ఆ దారిన పోయెనని తెలిసినచో ఇంటివారిని వెలివేసినట్లు చూడకుడు. వాడు మరల వచ్చినచో ఆ గడపకే గదా వచ్చునది.

అర్జీ అందిన దినముననే రిజిస్టరులో ఎక్కించి, తేదీ వేసి రసీదు ఇండు. గ్రామసభలో దానిని బిగ్గరగా చదువుడు. రెవెన్యూ వారికి ఎప్పుడు పంపితిరో, వారేమి జవాబిచ్చిరో తరువాతి సభలో చెప్పుడు. జవాబు రాకున్నచో, రాలేదనియే చెప్పుడు.