పరుగు: దేహబలము, మనోనిబ్బరము

(యువజన సేవాశిబిరమున గావించిన ఉపన్యాసము)



మన భాషలో పరుగునకు మంచిపేరు లేదు. "పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలు" అను సామెతను మనమందఱమును ఉగ్గుపాలతో నేర్చికొంటిమి. పిల్లవాడు పరుగెత్తిన తల్లి మందలించును. పెద్దవాడు పరుగెత్తిన, ఆ యింట నేమి యాపద సంభవించినదో యని వీధివారు బయటికి వత్తురు. యుద్ధమున పరుగెత్తినవాడు పిఱికివాడు. కోర్టుల చుట్టు పరుగెత్తువాడు దురదృష్టవంతుడు. ఈ రెండవ తెగవారివలన జీవనము గడుపుకొనువాడను గావున ఆ పరుగును నేను నిందింపజాలను. నేడు నేను చెప్పదలచినది మఱియొక పరుగు. దేనినుండియు పారిపోక, దేనికొఱకును ఎగబడక, ప్రాతఃకాలమున ఒక అరగంట మనుష్యుడు తన మేలుకొఱకు తాను చేయు పరుగు.

ఈ విషయమునుగూర్చి మాటలాడుటకు నాకుగల యర్హత నా యోటమియే. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మున్నగు పేటలు నీట మునిగినపుడు మన దళముతో నేనును పోయితిని. నడుములోతు నీటిలో అన్నపు పొట్లముల మూటను నెత్తిన పెట్టుకొని నాలుగు వీధులు పోవలసియుండెను. రెండవ వీధి దాటకమునుపే నాకు రొప్పు పుట్టినది, కాళ్ళు వణకినవి, గుండె చప్పుడు చెవులలో మ్రోగినది. కళాశాలలో చదువుకొనుచున్న యొక బాలిక నా నెత్తిమీది మూటను తీసికొని, "బాబాయిగారూ, మీరా మెట్లమీద కాసేపు కూర్చోండి" అని చెప్పి, వెనుకకు తిరిగి చూడక సాగిపోయెను.

ఇరువదియేండ్లుగా వేదికలెక్కి సేవాధర్మమునుగూర్చి యుపన్యసించినవాడను. ఆ సాయంకాలము మెట్లపై కూర్చుండి నాకు తెలిసికొన్నదేమనగా: సేవ చేయవలెనను తలంపు హృదయమున నుండవచ్చును, సేవ మాత్రము ఊపిరితిత్తులతోను పిక్కలతోను జరుగవలెను. మేడపై ఆకలితో నెదురుచూచుచున్నవారికి నా సదుద్దేశమువలన కలిగిన లాభమేమియు లేదు.

ఇల్లు చేరిన పిదప రక్తపరీక్ష చేయించుకొంటిని. చక్కెర హద్దుమీఱుటకు సిద్ధముగ నున్నదని వైద్యుడు చెప్పెను. ఇది నా యొక్కని కథ కాదు. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలనప్రకారము మనదేశమున 10 కోట్లకు మించిన జనులు మధుమేహమునకు లోనైయున్నారు. మఱి 13 కోట్లకు మించినవారు దాని వాకిట నిలిచియున్నారు. ఒకనాడు కరవులకు కృశించిన దేశము నేడు కూర్చుండి కృశించుచున్నది.

దీనికి పరుగేమి చేయగలదు? మనము తిన్న యన్నము చక్కెరగా మాఱి నెత్తుట చేరును. దానిని కండలలోనికి పంపుటకు ఇన్సులిను అనునది తాళపుచెవి వంటిది. కదలిక యెఱుగని కండలయందు ఆ తాళము త్రుప్పుపట్టును. పరుగెత్తునపుడు కండలు ఆ చెవి కొఱకు కాచుకొనక తామే చక్కెరను లోనికి తీసికొనును. పరుగు ముగిసిన పిదపను కొన్ని గంటలవఱకు తాళము సులభముగ తెఱచుకొనును. గుండెయు నొక కండయే. అభ్యాసముచే అది ఒక్కొక్కమారు ఎక్కువ రక్తమును పంపుట నేర్చును. కావున విశ్రాంతివేళ తక్కువ మారులు కొట్టుకొన్న చాలును. నిమిషమునకు పదిమారులు తగ్గినచో దినమునకు 14,400 మారులు దానికి శ్రమ తప్పును.

ఇందుకు సాక్ష్యమేమి యందురా? 1953లో జెర్రీ మారిస్ అను బ్రిటిషు వైద్యుడు లండను బస్సుల యుద్యోగులను పరిశీలించి యొక విశేషమును ప్రకటించెను. దినమంతయు కూర్చుండి బస్సు నడుపు డ్రైవర్లకంటె, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుచుండు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా నుండెను. 2014లో అమెరికాలో 55,137 మందిని సగటున 15 సంవత్సరములు గమనించి ప్రకటించిన పరిశోధనలో, పరుగెత్తు నలవాటుగలవారియందు మరణములు 30 శాతమును, గుండెజబ్బు మరణములు 45 శాతమును తక్కువగా కనబడినవి. దినమునకు 5 మొదలు 10 నిమిషములవఱకు మెల్లగా పరుగెత్తినవారికిని ఈ మేలు కనబడెను.

ఆరోగ్యవంతులే పరుగెత్తుదురు గావున వారే ఎక్కువకాలము జీవింతురని ఎదుటి పక్షమువారు వాదింపవచ్చును. ఆ వాదము త్రోసివేయదగినది కాదు. పరిశోధకులు వయస్సును, పొగత్రాగుట మొదలగువానిని లెక్కలోనికి తీసికొనిరి. అయినను దీనిని తిరుగులేని ఋజువనను, బలమైన సాక్ష్యమందును. పరుగువలన మోకాళ్ళు అరిగిపోవునను రెండవ యాక్షేపణ కలదు. 2017లో అనేక పరిశోధనలను క్రోడీకరించి చూడగా, తుంటి మోకాలి కీళ్ళ యరుగుదల ఆరోగ్యముకొఱకు పరుగెత్తువారిలో 3.5 శాతము, కదలక కూర్చుండువారిలో 10.2 శాతము, పోటీపరుగుల వారిలో 13.3 శాతము కనబడెను. మితముగ వాడిన కీలు నిలుచును. వాడనిదియు, మితిమీఱి వాడినదియు చెడును.

ఇక మనస్సు మాట. 2011లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో 120 మంది వృద్ధులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుచేత సంవత్సరముపాటు చురుకుగా నడిపించిరి. వారి మెదడులో జ్ఞాపకశక్తికి ఆధారమైన భాగము 2 శాతము పెరిగినది. ఒళ్ళు సాగదీయు కసరత్తులు మాత్రమే చేసినవారిలో అది తగ్గినది. పాఠములు చదువు యువకులు దీనిని గమనింతురుగాక. నా యనుభవమును చెప్పుమందురేని, ప్రతి యుదయమును దేహము వాయిదా కోరును. నిన్న రాత్రి నిద్ర చాలలేదనును, మబ్బు పట్టినదనును, రేపటినుండి తప్పక హాజరయ్యెదననును. ఆ వాయిదా దరఖాస్తును కొట్టివేసి లేచి నిలుచుటయే మనోనిబ్బరమునకు మొదటి పాఠము. తెల్లవాఱుజామున తనపై తాను గెలిచినవాడు పగలు ఇతరులపై కోపగించుట తగ్గును. నా గుమాస్తా ఈ మార్పునకు సాక్షి.

గాంధీ మహాత్ముడు 1930లో సబర్మతినుండి దండికి నడచునప్పటికి ఆయన వయస్సు అఱువది దాటినది. సుమారు 240 మైళ్ళు 24 దినములలో నడచెను. ఆ బలము ఆ మార్చి నెలలో పుట్టినది కాదు. యేండ్ల తరబడి తప్పని నిత్యనడకలో కూడబెట్టినది. దేశము పిలిచిన దినమున అది పనికివచ్చినది. నేటి మాట చెప్పవలెనన్న వరంగల్లు జిల్లా కల్లెడలో కూలిపని చేసుకొను కుటుంబమున పుట్టిన జీవంజి దీప్తి కలదు. బుద్ధివికాస లోపముగల బాలిక యని ఊరివారి యెగతాళికి గుఱియైన ఆమె, 2024లో కోబె నగరమున 400 మీటర్ల పరుగులో ప్రపంచ స్వర్ణపతకమును, ఆ యేడే పారిస్ పారాలింపిక్సులో కాంస్యమును గెలిచెను. ఆమెకు పరుగు నేర్పుటకు పూనుకొన్నవారు లేకున్న ఆ కాళ్ళ విలువ నెవరెఱుగుదురు?

ఈ ప్రశ్నయే నన్ను బాధించుచున్నది. మన బిడ్డలు పరుగెత్తుట కెక్కడ చోటున్నది? 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలముండవలెనని చెప్పుచున్నది. 1991లో బెంగుళూరున ఉద్యానమునకై కేటాయించిన స్థలమును ప్రైవేటు వైద్యశాలకిచ్చుట చెల్లదని సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. తోటను తీసివేసి వైద్యశాల కట్టబూనుటలోని వింతను మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. చట్టము మన పక్షముననున్నది; అడుగువారే లేరు. మీ మీ యూళ్ళకు పోయి, బడికి మైదానమున్నదా, ఉన్నచో దానిని కంచెలును దుకాణములును మ్రింగుచున్నవా యని విచారింపుడు. అంతకంటె ముఖ్యమైన దింకొకటి. మన పట్టణములలో తెల్లవాఱుజామున పరుగెత్తు పురుషులు కనబడుదురు. స్త్రీలు మిక్కిలి యరుదు. వెకిలిచూపులకు జంకి సగము జనము ఇంటనుండు దేశము బలమైనదని యెట్లందుము? సోదరులారా, మీ యక్కచెల్లెండ్రు నిర్భయముగ పరుగెత్తు బాటను కాపాడుట మీ వ్యాయామములో నొక భాగము.

పద్ధతి సులభము. వారమునకు 75 మొదలు 150 నిమిషములవఱకు వడిగల వ్యాయామము చాలునని ప్రపంచారోగ్యసంస్థ 2020లో సూచించినది; మూడు దినములు, దినమునకు 25 నిమిషములన్న కనీసము తీఱును. మొదట ఒక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడక. ప్రక్కవానితో మాటలాడగలుగునంత మెల్లగా పరుగెత్తుడు. వారమువారమును కొద్దికొద్దిగా పెంపుడు. తొందరపడినవారికే దెబ్బలు తగులును. ఎండకాలమున సూర్యోదయమునకు ముందే ముగింపుడు. గుండెజబ్బు గలవారును, రొమ్మునొప్పిగాని తలతిరుగుటగాని యెఱిగినవారును వైద్యుని యడుగక మొదలిడరాదు. పట్టుబట్టలవలె ఖరీదైన బూట్లును అక్కఱలేదు. కాలికి సరిపడినవి చాలును.

మన సామెతను నేను కాదనను. పాలకొఱకు పరుగెత్తువాడు పాలు దొరకనినాడు మానివేయును. పరుగే పాలని తెలిసినవానికి ఆ చింత లేదు. రేపు ఉదయము ఐదుగంటలకు ఈ మైదానమున కూడుదము. మీలో నెల్లరికంటె మెల్లనివాడను నేను. నన్ను దాటి పొండు, నాకు సంతోషము. అయితే మరల ఏరు పొంగిన దినమున నా మూటను మఱియొకరు మోయవలసిన యవసరముండదు.

వందేమాతరము.