ఎదిగిన బిడ్డలు – ఇంటి పండుగలు



మాది చిలకలూరిపేట. మా ప్రాంతమున మహాశివరాత్రి యనిన కోటప్పకొండ తిరునాళ్ల. తిరునాళ్ల యనిన ప్రభలు. మాఘ బహుళ చతుర్దశినాటికి పురుషోత్తమపట్నము, కావూరు మొదలగు గ్రామములనుండి త్రికూటేశ్వరస్వామి సన్నిధికి ప్రభలు కదలును. పొడవైన బాదులు, వెదురుబద్దలు కట్టి, రంగుగుడ్డలు తొడిగి, విద్యుద్దీపములు కూర్చి నిలిపిన ప్రభ 80 అడుగులకు మించుటయు కలదు. ఒకప్పుడు వీనిని ఎడ్లు లాగెడివి. ఇప్పుడు పెద్ద ప్రభలను ట్రాక్టరులు లాగుచున్నవి. అయినను, యంత్రమెంత బలమైనదైనను, ప్రభ ఒరగక నిలుచుట నలుప్రక్కల మోకులు పట్టిన మనుష్యుల వలననే.

నేడు నేను చెప్పబూనినది ఇంటి పండుగలను గూర్చి. బిడ్డలు ఎదిగి ఉద్యోగములకు పోయిన పిమ్మట పండుగ ముసలివారి పాలబడుచున్నదని మనలో అనేకులు చింతించుచున్నారు. ఆ తప్పు ఎవరిదని అడిగినచో, కాలముదని, చదువులదని, సెల్‌ఫోనుదని చెప్పుదుము. నేనును అట్లే చెప్పెడివాడను. నా అనుభవము వేరొక మాట నేర్పినది.

మా యింటిలో తాతలనాటి మ్రొక్కొకటి కలదు. ప్రతి శివరాత్రికి నిలువెత్తు ప్రభనొకదానిని మా చేతులతో కట్టి కొండకు గొనిపోవలెను. నా కుమారునికి పదియేండ్లప్పుడు వాడు వెదురుబద్ద పట్టుకొని, “నాన్నా, ఈ ముడి నేను వేసెదను” అనెను. వేసెను. ముడి వదులైనది. “నీకు రాదు, ప్రక్కకు జరుగుము” అని దానిని విప్పి నేనే కట్టితిని. మరుసటియేడును అంతే. ప్రభ చక్కగా నిలిచినది, చూచినవారు మెచ్చిరి, నేను సంతోషించితిని. వాడు అరుగుమీద కూర్చుండి చూచెను. అట్లు పదియేండ్లు చూచెను.

పిమ్మట వాడు హైదరాబాదులో ఉద్యోగమున కుదిరెను. మొదట రెండు దినముల ముందు వచ్చెడివాడు. తరువాత ఆనాటి ఉదయమునకు వచ్చెడివాడు. ఒక యేడు రాక, ఖర్చులకు డబ్బు పంపి, పనివారిచే కట్టింపుమని కబురంపెను. నాకు కోపము వచ్చినది. “తిరునాళ్ల ఫోనులో చూచిన చాలునా, నాయనా?” అని అడిగితిని. వాడు నెమ్మదిగా, “నాన్నా, అక్కడ ఉన్నప్పుడును నేను చూచుటయే గదా చేసినది!” అనెను.

ఆ రాత్రి నాకు నిదురపట్టలేదు.

అదే యింటిలో నా భార్య సంక్రాంతికి అరిసెలు వండెడిది. అరిసెకు ప్రాణము పాకము. నీటిలో వేసిన పాకపు చుక్క మెత్తని ఉండగా చేతికి రావలెను. ముదిరినచో అరిసె గట్టిపడును, లేతదైనచో నూనెలో విడిపోవును. ఆమె మా కుమార్తెను చిన్ననాటనే పొయ్యివద్ద కూర్చుండబెట్టి పాకము చూచు పని అప్పగించినది. రెండు సంక్రాంతులకు అరిసెలు రాళ్లవలె వచ్చినవి. ఇల్లాలు వానిని పారవేయక మాచేతనే తినిపించినది! నేడు మా కుమార్తె బెంగుళూరులో ఉన్నది. ఎవరును అడుగకున్నను ప్రతి భోగికి ముందు ఆమె యింట పాకము ఉడుకును. ఒకే యింటి బిడ్డలు; ఒకరికి పండుగ పని అయినది, ఒకరికి వేడుక అయినది. వేడుకను మానవచ్చును, తన చేతి పనిని మానుట కష్టము.

ఈ సంగతి మనవారికే పరిమితము కాదు. యూదులు పస్కా పండుగనాటి రాత్రి భోజనమునకు కూర్చుండినప్పుడు, ఆచారము ప్రకారము ఇంటిలో చిన్నవాడు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. వానికి బదులుగా పెద్దలు తమ పూర్వుల కథ చెప్పవలెను. స్వదేశము విడిచి దేశదేశముల చెదరియున్నను ఆ పండుగ వారియింట నిలిచినది. మనమో, బిడ్డ “ఇది ఎందుకు?” అని అడిగినచో, “అది అంతే” యని నోరు మూయించుచున్నాము.

కావున పెద్దలకు నా మనవి మూడు మాటలు. మొదటిది, ప్రతి బిడ్డకును పండుగలో ఒక పని అప్పగింపుడు. చెడినను మరల తీసికొనకుడు. రెండవది, శివరాత్రి తిథినిబట్టి వచ్చును. 2024లో అది మార్చి 8, శుక్రవారము. 2025లో ఫిబ్రవరి 26, బుధవారము. సెలవు దొరకవలసిన బిడ్డకు ఇది కష్టము. క్రొత్త పంచాంగము చేతికి వచ్చిన ఉగాదినాడే తేదీలు తెలుపుడు. మూడవది, పరదేశమున ఉన్నవారు దగ్గరి ఆదివారమున పండుగ చేసికొన్నచో పరిహసింపకుడు. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చినను ప్రభ ప్రభయే గదా!

నిరుటి శివరాత్రికి నేనే నా కుమారుని అడిగితిని: “నాయనా, నాకు చేతులు వణకుచున్నవి, ముడులు నీవు వేయవలెను.” వచ్చెను. ఎనిమిదేండ్ల నా మనుమరాలు రంగుకాగితములు అంటించెను. ప్రభ కొంచెము ఎడమకు ఒరిగినది. సరిచేయుటకు నా చేతులు లేచినవి. వానిని ఒడిలో పెట్టుకొని కూర్చుంటిని. నా జీవితమున అంత కష్టమైన పని చేసి యెరుగను. ఆ ఒరిగిన ప్రభయే కొండకు పోయినది. స్వామి ఆ వంకను లెక్కించెనని నేననుకొనను.

నా తరువాత ఆ మ్రొక్కు సాగునో లేదో నేను చెప్పజాలను. తిరుగు దారిలో నా మనుమరాలు మాత్రము, “వచ్చే యేడు మోకు నేను పట్టుకొందును తాతయ్యా” అనెను. “నీకు రాదు” అను మాట నా నోటివరకు వచ్చి ఆగినది. “అట్లే పట్టుకొనుమమ్మా” అంటిని.