ధర పలకని చోట



కష్టపడితే ఏమొస్తుందో, ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు, చేను పనీ మగ్గం పనీ చేసే మీ ఇళ్ళే నేర్పాయి. ఆ మాట నేను మళ్ళీ చెప్పను. కామర్స్ చదివినవాళ్ళు మీలో ఎక్కువమంది కాబట్టి, మన వృత్తిలో అన్నిటికన్నా బరువైనదని నేను నమ్మే ఒక పని గురించి మాట్లాడతాను. కంపెనీలు తమ దగ్గరున్న షేర్లకు, బాండ్లకు, ఇతర పెట్టుబడులకు బ్యాలెన్స్ షీట్‌లో విలువ ఎలా కడతాయి? ఆ అంకె వేసే మనిషి బాధ్యత ఎంత?

కొత్తకోట ముందు నుంచి పోయే రోడ్డు పట్టుకుని వెళ్తే చేరే హైదరాబాద్‌లోనే ఈ పాఠం జరిగింది. అప్పటికి మీది ఇంకా బడికి కూడా వెళ్ళని వయసు. 2008 డిసెంబరు 16న ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ బోర్డు ఒక నిర్ణయం ప్రకటించింది. మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని కొంటామంది. మొత్తం 160 కోట్ల డాలర్లు. ఆ రెండు కంపెనీలూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానివే. అందులో మేటాస్ ప్రాపర్టీస్ స్టాక్ ఎక్స్ఛేంజీలో లేదు. దాని షేరుకు రోజూ పలికే ధరంటూ లేదు. భూములకు లెక్క కట్టి విలువ తేల్చారు. కొనేవైపూ అమ్మేవైపూ ఒకే కుటుంబం కూర్చుని తేల్చిన ధరను మదుపరులు ఒక్క రాత్రి కూడా ఒప్పుకోలేదు. న్యూయార్క్‌లో సత్యం షేరు సగానికి పైగా పడిపోయింది. కొన్ని గంటల్లోనే ఆ ఒప్పందాన్ని వెనక్కి తీసుకున్నారు.

2009 జనవరి 7న రాజు రాసిన లేఖతో అసలు సంగతి బయటపడింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనేలేవు. లేని డిపాజిట్ల మీద వచ్చిందని చూపిన వడ్డీ మరో 376 కోట్లు. ఆ లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు తెచ్చి పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నమే మేటాస్ ఒప్పందమని ఆయనే రాశారు. ఆ ఒక్క రోజే షేరు దాదాపు 78 శాతం పడింది.

ఇందులో రెండు వేర్వేరు తప్పులున్నాయి. వాటిని కలిపి చూడకండి. డిపాజిట్ల విషయంలో విలువ కట్టే ప్రశ్నే లేదు, అసలు వస్తువే లేదు. ఎంత అని అడిగే ముందు ఉందా అని అడగాలి. ఆ జవాబు కంపెనీ చేతుల మీదుగా కాకుండా నేరుగా బ్యాంకు నుంచే తెప్పించుకోవాలి. మేటాస్ విషయం వేరు. భూములున్నాయి, కంపెనీలున్నాయి. ధర చెప్పినవాళ్ళకే ఆ ధర కావాలి. అక్కడ తప్పు జరిగింది.

ఇప్పుడు మన దేశంలో అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 113 అనే అకౌంటింగ్ ప్రమాణం సరిగ్గా ఈ చోటే పట్టుకుంటుంది. ఇండ్ ఏఎస్ ప్రమాణాలను ప్రభుత్వం 2015లో ప్రకటించింది. పెద్ద కంపెనీలకు 2016 ఏప్రిల్ నుంచి తప్పనిసరయ్యాయి. 113వ ప్రమాణం ఫెయిర్ వాల్యూకు చెప్పే అర్థం ఇది: విలువ కట్టే తేదీన, ఒకరికొకరు సంబంధం లేని, విషయం తెలిసిన కొనేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ మధ్య, తొందరా బలవంతమూ లేకుండా అమ్మితే చేతికొచ్చే ధర. ఎంతకు కొన్నామన్నది దీనికి అక్కర్లేదు. ఎంతకు పోవాలని ఆశపడుతున్నామన్నది అసలే అక్కర్లేదు.

ఆ ప్రమాణం విలువలను మూడు లెవెళ్ళుగా విడదీస్తుంది. మీ ఇళ్ళలో పల్లికాయ పండిస్తారు కాబట్టి దానితోనే చెప్తాను. యార్డులో టెండర్లు తెరిచి క్వింటాలుకు ఇంత అని రాశారు. మీ బస్తాలు అదే రకం, అదే ఆరుదల. ఆ ధరను మీ క్వింటాళ్ళతో గుణిస్తే అయిపోయింది. ఇది లెవెల్ 1. ఈ రోజు మన యార్డుకు సెలవు, మీ కాయలో తేమ కాస్త ఎక్కువ. పక్క యార్డు ధర తీసుకుని తేమకు తగ్గించి లెక్కేస్తారు. ఇది లెవెల్ 2. పంట ఇంకా భూమిలోనే ఉంది. ఎన్ని కాయలు పడతాయో, వాన ఎప్పుడొస్తుందో, అప్పటికి ధరేముంటుందో అన్నీ అంచనాలే. ఇది లెవెల్ 3.

స్టాక్ ఎక్స్ఛేంజీలో రోజూ చేతులు మారే షేరు లెవెల్ 1. మన దగ్గర లక్ష షేర్లున్నాయి, ఒకేసారి అమ్మితే ధర పడిపోతుంది కదా అని తగ్గించి చూపడం కుదరదు. ధరను సంఖ్యతో గుణించడమే. అంతగా అమ్మకాలు జరగని కంపెనీ బాండ్లకు అదే కాలవ్యవధి, అదే రేటింగు ఉన్న ఇతర బాండ్ల మీద వచ్చే రాబడిని బట్టి విలువ కడతారు. అది లెవెల్ 2. లిస్టు కాని కంపెనీల షేర్లు ఎక్కువగా లెవెల్ 3లోకి వస్తాయి. మన వృత్తి పరువు తేలేది ఇక్కడే.

ఎందుకో ఒక చిన్న లెక్కతో చూడండి. పదేళ్ళ తర్వాత 100 కోట్లు చేతికొస్తాయనుకుందాం. 12 శాతం డిస్కౌంట్ రేటుతో ఈ రోజు దాని విలువ 32 కోట్ల పైచిలుకు. 15 శాతం పెడితే 25 కోట్లు కూడా ఉండదు. పెట్టుబడి అదే, ఆశ అదే. కంప్యూటర్‌లో ఒక్క గడిలో మూడు మార్చితే విలువలో దాదాపు పావు వంతు పోయింది. 12 ఎందుకు పెట్టావు, 15 ఎందుకు కాదు అని అడిగేవాడు లేకపోతే ఆ గడి యజమాని ఇష్టం.

నిజాయితీగా కట్టినా విలువల్లో తేడా వస్తుంది. దీనికీ సాక్ష్యం సత్యంలోనే ఉంది. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్త బోర్డును వేసింది. 2009 ఏప్రిల్ 13న కంపెనీకి బిడ్లు తెరిచారు. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచా ఆ ప్రక్రియను పర్యవేక్షించారు. నమ్మదగిన లెక్కల పుస్తకాలు అప్పటికి లేవు. టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలంది. ఎల్ అండ్ టీ 45 రూపాయల 90 పైసలంది. అమెరికా మదుపరి విల్బర్ రాస్ 20 రూపాయలన్నారు. ఒకే కంపెనీ, ఒకే రోజు, ముగ్గురూ ఆరితేరినవాళ్ళే. ఈ మూడు అంకెల్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఎవరికి వాళ్ళు తమ డబ్బు పెట్టి చెప్పారు. మేటాస్ ధర వెనక లేనిదీ, ఈ మూడింటి వెనక ఉన్నదీ అదే. మూడో లెవెల్‌లో ఒకే ఒక్క సరైన అంకె ఉంటుందని నేను అనను. ఆ అంకె ఎలా వచ్చిందో బయటపెట్టమని మాత్రం గట్టిగా అంటాను.

ఈ కథ అక్కడితో ఆగలేదు. 2009లోనే మేటాస్ ఇన్‌ఫ్రా పగ్గాలు ఐఎల్ఎఫ్ఎస్ గ్రూపు చేతికొచ్చాయి. కుప్పకూలిన కంపెనీని నిలబెట్టగల పెద్ద సంస్థ అని అప్పుడు అందరి నమ్మకం. ఆ ఐఎల్ఎఫ్ఎస్ 2018లో తన బాకీలు తానే కట్టలేకపోయింది. ఆ వేసవి దాకా దాని రేటింగు ట్రిపుల్ ఏ. సెప్టెంబరు నాటికి అట్టడుగు డి. 90 వేల కోట్లకు పైగా అప్పు. దాని బాండ్లు మ్యూచువల్ ఫండ్ల దగ్గరున్నాయి, కంపెనీల పీఎఫ్ ట్రస్టుల దగ్గరున్నాయి. అంటే ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ చివరి రోజుల డబ్బు.

అప్పటిదాకా ఫండ్లు తక్కువ కాలవ్యవధి బాండ్లను కొన్న ధర మీద రోజుకింత వడ్డీ కలుపుకుంటూ చూపగలిగేవి. బయట ఏం జరుగుతున్నా ఆ అంకె మెల్లగా పెరుగుతూనే ఉండేది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, 2020 ఏప్రిల్ నుంచి అన్నిటికీ మార్కెట్ విలువే కట్టమంది. మంచి పని, ఆలస్యంగా జరిగిన పని.

ఫెయిర్ వాల్యూ వద్దు, కొన్న ధరే మేలు, ఈ ఎగుడుదిగుళ్ళు ఎవరు భరిస్తారు అనేవాళ్ళు పెద్ద పదవుల్లో ఇప్పటికీ ఉన్నారు. 2008 ఆర్థిక సంక్షోభంలో ప్రపంచమంతా ఈ వాదన వినిపించింది. బెదిరిపోయి తెగనమ్మిన ధర ఫెయిర్ వాల్యూ కాదన్నంత వరకు వాళ్ళ మాట నిజమే. ఆ మాట ప్రమాణంలోనే ఉంది కూడా. అంతకు మించి నేను ఒప్పుకోను. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు సంగతి చూడండి. గడువుదాకా ఉంచుకుంటామంటూ బాండ్లను కొన్న ధర ఆధారంగానే చూపింది. వడ్డీ రేట్లు పెరగడంతో వాటి మీద పేరుకున్న నష్టం 2022 చివరికి దాదాపు 1,500 కోట్ల డాలర్లు. అది దాచిపెట్టిన రహస్యం కాదు, నోట్స్‌లో అచ్చయి ఉంది. చదివినవాళ్ళు తక్కువ. 2023 మార్చి 10న బ్యాంకు మూతపడింది. అందుకే వార్షిక నివేదిక చేతికొస్తే ముందు నోట్స్ తెరవమని నా దగ్గరికి వచ్చే పిల్లలందరికీ చెప్తుంటాను.

మన రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకులకు ఈ మూడు లెవెళ్ళను వర్తింపజేసింది. అందులో నాకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. లెవెల్ 3 పెట్టుబడుల విలువ పెరిగిందని లాభం చూపినా, అమ్మి చేతికి రాని ఆ లాభంలోంచి డివిడెండ్ పంచకూడదు. కాగితం మీద వచ్చిన డబ్బును కాగితం మీదే ఉంచమన్నారు.

మీలో కొందరు రేపు హైదరాబాద్‌లో, గచ్చిబౌలి నానక్‌రాంగూడ వైపు ఆఫీసుల్లో, ఈ దేశానివో పై దేశాలవో ఫండ్లకు రోజువారీ విలువలు కట్టే పనిలో చేరతారు. మన ఫండ్ల ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, చాలావరకు రాత్రి 11 గంటల్లోపు బయటికి వెళ్ళాలి. తొందర ఉంటుంది. మీ పైవాళ్ళు ఒక బాండు చూపి, నిన్నటి ధరే వేసెయ్ అంటారు. అప్పుడు నిలబడి అడగండి. దీని మీద చివరి అమ్మకం ఎప్పుడు జరిగింది సార్? ఈ రేటు ఎవరిచ్చారు? విలువ పెరిగితే ఇచ్చినవాళ్ళకు బోనస్ పెరుగుతుందా? రేటు ఒక శాతం అటూ ఇటూ అయితే విలువ ఎంత మారుతుంది? కొత్తగా చేరినవాళ్ళు ఇవి అడిగితే మొదట్లో విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. వచ్చిన జవాబులను తేదీ వేసి, మీ పేరు రాసి, ఆ బాండు ఫైల్లో పెట్టండి. ఆరు నెలల తర్వాత ఆడిటర్ వచ్చి మొదట అడిగేది ఆ కాగితమే.