ఆచార్య రంగా: చట్టసభలలో రైతువాణి



జూలూరుపాడు చెలకలలో ప్రత్తి, మిరప పండించుకొను రైతునకు, గుంటూరు జిల్లా నిడుబ్రోలు వాసియగు ఆచార్య రంగాగారి చట్టసభా జీవితముతో ఏమి పని యని ఎవరైన ప్రశ్నింపవచ్చును. ఆయన ఖమ్మము సీమనుండి ఎన్నికైనవారు కారు. ఆయన పుట్టి పెరిగినది డెల్టా మాగాణి. ఇచ్చటిది అడవి అంచున నున్న మెట్టపొలము. పూర్వము ఇది నిజాము ప్రభుత్వపు నేల. గోదావరి కావలనున్న భద్రాచలము మద్రాసు రాష్ట్రములోనిది. అది తూర్పు గోదావరి జిల్లానుండి ఖమ్మము జిల్లాలో చేరినది 1959 లో మాత్రమే. కావున ఏటి కీవలి గట్టున ఒక చట్టము, ఆవలి గట్టున మఱొక చట్టము చాలకాలము నడచినవి.

అయినను పని కలదు. గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు అనేకులు కొన్ని తరములుగా ఈ అడవి అంచులకు వలస వచ్చి భూములు కొని, బాగుచేసి, స్థిరపడిరి. రంగాగారు ఏ రైతు పక్షమున జీవితమంతయు వాదించిరో ఆ రైతే ఇచ్చట కోయవాని ప్రక్కపొలము వాడైనాడు. భూమి యెవరిది, దున్నువానికి ఎంత హక్కు, ప్రభుత్వము దానిని తీసికొన్నచో ఎంత పరిహారము అను ప్రశ్నలకు ఆయన కాలమున చట్టసభలలో ఇచ్చిన సమాధానములే నేటికిని మన పట్టాలకు ఆధారము.

గోగినేని రంగనాయకులుగారు 1900 నవంబరు 7 వ తేదీన జన్మించిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రము చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో బోధించిరి. ఆచార్య పదము ఆయన పేరుకు అట్లు అంటుకొన్నది. 1930 లో గాంధీమహాత్ముని పిలుపుతో రాజకీయములలోనికి వచ్చిరి. నిడుబ్రోలులో రైతు కార్యకర్తలకు శిక్షణ నిచ్చుటకై రామానీడు విద్యాలయమును నెలకొల్పిరి. 1936 లో లక్నోలో అఖిల భారత కిసాను సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. 1937–38 లో ఇచ్ఛాపురమునుండి మద్రాసు వఱకు కాలినడకన సాగిన రైతు రక్షణయాత్ర జమీందారీ గ్రామముల కష్టములను రాజధానికి మోసికొనిపోయెను. పది సంవత్సరముల పిమ్మట, 1948 లో, మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టమును చేసినది.

కేంద్ర శాసనసభ, రాజ్యాంగ నిర్మాణసభ, రాజ్యసభ, లోక్‌సభ అను నాలుగింటిలోను ఆయన కూర్చుండిరి. 1952 లో మద్రాసు శాసనసభ్యులచే రాజ్యసభకు ఎన్నుకోబడిరి. 1957 లో తెనాలినుండి లోక్‌సభకు, 1962 లో చిత్తూరు ఉప ఎన్నికలో, 1967 లో శ్రీకాకుళమునుండి గెలిచిరి. 1971 లో ఓడిరి. 1977 లో మరల రాజ్యసభకు వచ్చిరి. 1980, 1984, 1989 ఎన్నికలలో గుంటూరు ప్రజలు ఆయనను లోక్‌సభకు పంపిరి. 1991 లో విరమించునప్పటికి ఆయనకు తొంబది సంవత్సరములు. ఆ యేడే పద్మవిభూషణ బిరుదము లభించెను. 1995 జూను 9 న దివంగతులైరి.

పక్షములు మాత్రము మారినవి. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, మరల కాంగ్రెసు, స్వతంత్ర పార్టీ, తుదకు ఇందిరాగాంధీ నాయకత్వములోని కాంగ్రెసు. ఇన్ని గడపలు దాటినవానిని నిలుకడ లేనివాడని కొట్టివేయుట సులభము. ఓటును చూచి చెప్పవలెనే కాని జెండాను చూచి చెప్పరాదని నా అభిప్రాయము.

ఓటు అనగా నేమో కొంచెము చెప్పవలసియున్నది. సభలో తీర్మానము వచ్చినప్పుడు అధ్యక్షస్థానమున నున్నవారు ముందుగా నోటిమాటతోనే అభిప్రాయమడుగుదురు. అవునన్నవారి ధ్వని పెద్దదిగా నున్నచో అది నెగ్గినదందురు. ఎవరైన అభ్యంతరము తెలిపి విభజన కోరినప్పుడే గంటలు మ్రోగును, ద్వారములు మూయబడును, ఎవరు ఎటు ఓటు చేసిరో పేరుపేరున గ్రంథస్థమగును. 1957 లో లోక్‌సభలో ఓటు నమోదు యంత్రము వచ్చువఱకు సభ్యులు లేచి వసారాలలోనికి నడచిపోయి లెక్క నిచ్చుకొనెడివారు. కావున సభ్యుని జీవితములో అనేక నిర్ణయములు పేరు లేకయే గడచిపోవును. రాజ్యాంగ సవరణలకు మాత్రము విభజన తప్పదు. ఏలయన, సభలోని మొత్తము సభ్యులలో సగముకంటె ఎక్కువమంది, హాజరై ఓటు చేసినవారిలో మూడింట రెండు వంతులు అంగీకరింపవలెను. 1985 లో వచ్చిన ఏబది రెండవ సవరణ తరువాత పక్షము జారీ చేసిన విప్పును ధిక్కరించినవాడు సభ్యత్వమునే కోల్పోవును. కనుక రంగాగారి తొలినాటి ఓటు ఆయన సొంతము. చివరి యేండ్ల ఓటు పక్షముది. రెంటిని ఒకే త్రాసులో తూచుట న్యాయము కాదు.

ఆయన ఆలోచన తేటగా కన్పట్టు ఘట్టములు రెండు. మొదటిది 1959 నాటిది. ఆ జనవరిలో నాగపురి కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయమును లక్ష్యముగా ప్రకటించెను. భూములను కలిపి సాగుచేయవలెను, స్వామ్యము రైతుదే, భూమినిబట్టి ఫలితములో భాగము వచ్చును, భూమి యున్నను లేకున్నను పని చేసినవానికి పనినిబట్టి భాగము వచ్చును. ముందు మూడేండ్లు సేవా సహకార సంఘములను నెలకొల్పుట, తరువాత ఉమ్మడి సేద్యము. ఉత్తర ప్రదేశపు చరణ్ సింగుగారు ఆ సభలోనే దీనిని ఎదిరించిరి. రంగాగారు కాంగ్రెసు పార్లమెంటరీ పక్షమున కార్యదర్శిగా నుండియు బయటికి వచ్చి, రాజాజీ మున్నగువారితో కలిసి ఆ సంవత్సరమే స్వతంత్ర పార్టీని స్థాపించి దానికి తొలి అధ్యక్షులైరి. తన గట్టు తనకుండవలెనని రైతు కోరుట స్వార్థము కాదనియు, అది అతని స్వాతంత్ర్యమనియు ఆయన వాదము. ఈ దేశములో ఉమ్మడి సేద్యము విస్తృతముగా ఎన్నడును అమలులోనికి రాలేదు. ఆ విషయమున కాలము ఆయన పక్షముననే నిలిచినది.

రెండవది పదునేడవ రాజ్యాంగ సవరణ. ఇది మన ప్రాంతమునకు మఱింత దగ్గఱ. జమీందారీలను రద్దు చేయుటకై రాజ్యాంగమున ‘ఎస్టేటు’ అను పదము వాడబడినది. ఎస్టేటును ప్రభుత్వము తీసికొన్నచో ప్రాథమిక హక్కుల పేరిట న్యాయస్థానమునకు పోవుటకు వీలుండదు. ఈ సవరణ ఆ పదములోనికి రైతువారీ భూమిని కూడ చేర్చినది. మఱియు నలుబది నాలుగు రాష్ట్రచట్టములను తొమ్మిదవ షెడ్యూలునకు చేర్చి రక్షణ కల్పించినది. వేల యెకరముల జమీందారునకును, ఐదెకరముల రైతునకును ఒకే పేరు పెట్టినారని స్వతంత్ర పార్టీవారు గగ్గోలు చేసిరి. మొదటి యత్నములో లోక్‌సభలో చాలినంత ఆధిక్యము లేక ఈ బిల్లు నిలిచిపోయెను. తిరిగి ప్రవేశపెట్టి 1964 జూనులో నెగ్గించుకొనిరి. అయితే ఆ సవరణలోనే ఒక నిబంధన కలదు: పరిమితికి లోబడి స్వయముగా సాగుచేసికొను భూమిని ప్రభుత్వము తీసికొన్నచో విపణి విలువకు తగ్గకుండ పరిహార మీయవలెను. బిల్లుమీద ఇంత పోరు జరుగుచుండగా వెలసిన ఈ వాక్యమును, ఓడిన పక్షమువారి శ్రమకు దక్కిన ఫలముగా నేను లెక్కింతును. ఈ జిల్లాలో బొగ్గు గనులకును, సీతారామ ఎత్తిపోతల కాలువలకును భూములు సేకరింపబడినవి. సేకరణ నోటీసు అందిన రైతు ఆ వాక్యమును ఎఱుగకున్నను, అది అతని వైపు నిలిచియే యున్నది.

ఇంతవఱకు మెచ్చుకొంటిని. మెచ్చరానిదియు కలదు. రంగాగారు గాంధీజీతో చర్చించినది రైతు–కూలీ రాజ్యమును గూర్చి. ఆ రెండు మాటలలో రెండవది పోనుపోను సన్నగిల్లినది. భూపరిమితి వలన మిగులు భూమి రావలెననియు, అది భూమిలేనివానికి చెందవలెననియు దేశమంతట కోరిక బలపడుచున్న దినములలో ఆయన పక్షము పరిమితినే వ్యతిరేకించెను. చిన్నరైతు కూడ కూలివాడే యను ఆయన సమాధానము కొంతవఱకు నిజము. కాని గట్టే లేనివానికి గట్టు స్వాతంత్ర్యమును గూర్చి చెప్పిన నేమి ప్రయోజనము? పైగా జమీందారులతో పోరాడి పేరుపొందినవారి పక్షములో రాజులును, మహారాణులును చేరిరి. 1967 లో లోక్‌సభలో నలుబది నాలుగు స్థానములు వచ్చుటకు రాజస్థానము, గుజరాతు, ఒరిస్సాల రాజవంశముల పలుకుబడి కొంత కారణము. 1970 సెప్టెంబరులో రాజభరణముల రద్దు బిల్లు లోక్‌సభలో నెగ్గి, రాజ్యసభలో కావలసిన మూడింట రెండు వంతులకు ఓటులో ఒక భాగము తక్కువై వీగిపోయెను. అనుకూలముగా 149, ప్రతికూలముగా 75. ప్రతికూలించిన పక్షములలో స్వతంత్ర పార్టీ ఒకటి. ఇచ్ఛాపురమునుండి నడచి వచ్చిన రైతులు ఈ లెక్క చూచి ఏమనుకొనియుందురో!

ఇక అడవివాసుల విషయము. 1946 డిసెంబరులో రాజ్యాంగ నిర్మాణసభలో లక్ష్యముల తీర్మానముపై రంగాగారు చేసిన ప్రసంగము నా దృష్టిలో ఆయన చేసిన వానిలో మేలైనది. అల్పసంఖ్యాకులకు రక్షణ కావలెనని అందఱును వాదించుచుండగా, నిజమైన అల్పసంఖ్యాకులు ఈ దేశపు సామాన్య జనులేయని ఆయన అనిరి. గిరిజనుల ఆచారము ప్రకారము వారి భూమి అన్యాక్రాంతము కారాదనియు, అయినను వర్తకులు పోయి దానిని కాజేసి, పత్రములు వ్రాయించుకొని, వంశపారంపర్యపు వెట్టివారినిగా మార్చుచున్నారనియు వివరించిరి. గిరిజనులు, పల్లెవాసులు తమ తరఫున మాటలాడుటకు ఆ సభకు రాలేకున్నారనియు ఒప్పుకొనిరి. కోస్తా రైతుల నాయకుడు ఈ మాట లాడుట చిన్న విషయము కాదు. ఏలయన, ఏజెన్సీకి పోయి భూమి సంపాదించినవారిలో వర్తకులే కాక రైతులును ఉండిరి.

ఆ దోపిడిని ఆపుటకు వచ్చిన కట్టుబాటులు చట్టసభల ఓటుతో వచ్చినవి కావు. మద్రాసు ఏజెన్సీకి 1917 నాటి చట్టము కలదు. దాని స్థానమున 1959 లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతముల భూబదిలీ నిబంధన వచ్చెను. దానిని 1963 లో తెలంగాణమునకు విస్తరింపజేసిరి. 1970 నాటి ఒకటవ నిబంధన గిరిజనేతరుల మధ్య బదిలీలను సైతము నిషేధించెను. రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు ప్రకారము వీనిని గవర్నరు రాష్ట్రపతి సమ్మతితో జారీచేయును. కావున ఈ అడవి అంచున భూమిని అన్నిటికంటె గట్టిగా కట్టివేసిన నిబంధనకు ఏ శాసనసభ్యుడు ఎటు ఓటు చేసెనని వెదకిన దొరకదు. ఎన్నికల వేళ అందఱును దానిని సమర్థింతురు, లేక అందఱును దానిని సవరింపజూతుము అందురు. శ్రోత యెవరో చూచి మాట మారును.

2006 డిసెంబరులో పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టము వేఱు దారి తొక్కినది. 2005 డిసెంబరు 13 వ తేదీకి పూర్వమునుండి అడవి భూమిని సాగుచేయుచున్న గిరిజనునకు నాలుగు హెక్టారులకు మించకుండ హక్కు కలదు. గిరిజనేతరుడైనచో ఆ తేదీకి ముందు మూడు తరములు, అనగా డెబ్బదియైదు సంవత్సరములు, అడవిపై నాధారపడి జీవించినట్లు చూపవలెను. జూలూరుపాడువంటి చోట్ల ఒకే పోడుచెలకలో ఇరుగుపొరుగున నున్న ఇద్దఱికి ఈ ఒక్క నిబంధన వలన రెండు గతులు పట్టినవి. ఒకనికి పట్టా, మఱొకనికి దరఖాస్తు. 2023 జూనులో తెలంగాణ ప్రభుత్వము పోడు పట్టాలను పంచినప్పుడు ఈ భేదము ప్రత్యక్షముగా కన్పట్టెను.

ఈ చట్టమునకు రంగాగారి ఓటు లేదు; అప్పటికి ఆయన గతించి పదునొకండు సంవత్సరములు. అయినను ఆయన రెండు వాదములును దానిలో ఎదురెదురుగా నిలిచియున్నవి. పోడు పట్టా తండ్రినుండి బిడ్డకు సంక్రమించును. దానిని అమ్ముటకు కాని, మఱొకరికి బదిలీ చేయుటకు కాని వీలులేదు. 1959 నాటి రంగాగారు దీనిని సగము హక్కు అనియెడివారేమో. 1946 నాటి రంగాగారు మాత్రము, అమ్మరాని భూమియే గిరిజనునికి మిగులు భూమి యని ఎఱిగినవారు.