‘నాన్న ఉంటే కట్టేవారు’ – ఇంగ్లీషులో ఎలా రాయాలి?

(పెదకూరపాడులో దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు పంపే ముందు మేము ఒకసారి చదువుతాం. తండ్రి లేని ఒక అమ్మాయి తన దరఖాస్తులో ఇలా రాసింది: ‘ఇఫ్ మై ఫాదర్ ఈజ్ అలైవ్, హీ విల్ పే ద ఫీజ్.’ ఆ వాక్యం చదివినవారికి తండ్రి బతికి ఉన్నాడో లేదో ఆ పిల్లకే తెలియదేమో అనిపిస్తుంది. ఉంటే ఆయనే ఫీజు కడతాడు కదా, ఇక సాయం దేనికి అనీ అనిపించవచ్చు. పిల్ల చెప్పదలచింది ఒకటి, కాగితం చెప్పింది ఇంకొకటి.

ఆ అమ్మాయిని పిలిచి, ‘ఇదే మాట తెలుగులో చెప్పమ్మా’ అన్నాం. ‘నాన్న ఉంటే కట్టేవారు’ అంది. ‘కడతారు’ అనలేదు. ఉర్దూలో చెప్పమంటే, ‘అబ్బా హోతే తో ఫీస్ భర్తే’ అంది. అక్కడా తప్పు లేదు. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించి చెప్పేటప్పుడు క్రియ మారాలని ఆ పిల్లకు రెండు భాషల్లో ముందే తెలుసు. ఇంగ్లీషులో ఆ మార్పు ఎక్కడ చేయాలో మాత్రమే ఎవరూ చూపలేదు.

తెలుగులో ‘ఉంటే’ మారదు, చివరి క్రియే మారుతుంది. ఉర్దూలో రెండు చోట్లా మారుతుంది. ఇంగ్లీషూ ఈ విషయంలో ఉర్దూ దారే: ‘ఇఫ్ మై ఫాదర్ వర్ అలైవ్, హీ వుడ్ పే ద ఫీజ్.’ ‘వర్’ భూతకాల రూపమే, కానీ ఇక్కడ నిన్నటి సంగతి చెప్పడం లేదు. ఇది నిజం కాదు, ఊహ అని చెబుతోంది. ‘హీ’ పక్కన మామూలుగా ‘వాజ్’ వస్తుంది. ఇలాంటి చోట మాటల్లో ‘వాజ్’ అనేవారూ ఉన్నారు. దరఖాస్తులో మాత్రం ‘వర్’ రాయడమే మేలు.

మన పొలాల మాటల్లోనే మూడు మెట్లు చూద్దాం. వాన పడవచ్చు: ‘వాన పడితే పత్తి వేస్తాం’ – ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ సో కాటన్.’ ఉర్దూలో ‘బారిష్ హోగీ తో’ అనే అలవాటుతో పిల్లలు ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అని రాస్తారు. అక్కడ ‘విల్’ అక్కర్లేదు. రెండోది, ఉత్త ఊహ: ‘మాకు పదెకరాలుంటే మిరప వేసేవాళ్లం’ – ‘ఇఫ్ వి హ్యాడ్ టెన్ ఏకర్స్, వి వుడ్ గ్రో చిల్లీస్.’ మూడోది, దాటిపోయిన అదును: ‘నిరుడు వాన పడి ఉంటే పంట చేతికొచ్చేది’ – ‘ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్ లాస్ట్ ఇయర్, వి వుడ్ హ్యావ్ గాట్ ఎ క్రాప్.’ ‘వుడ్’ను ఫలితం చెప్పే భాగంలోనే ఉంచాలి, ‘ఇఫ్’ పక్కన పెట్టకూడదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం తప్పులు పోతాయి.

దాతలకు మా విన్నపం ఇదే. డబ్బుతో పాటు ఒక గంట సమయమూ ఇవ్వండి. మీ వీధి పిల్లల దరఖాస్తు చేతికొస్తే, ‘ఈ మాట ఇంట్లో ఎలా అంటావు?’ అని అడగండి. వాళ్లకు తెలిసిన భాష నుంచే ఇంగ్లీషుకు దారి చూపించండి.

చివరిగా మా సంగతి. మీకు ఉత్తరం రాసేటప్పుడు ‘ఇఫ్ యూ హెల్ప్డ్ అజ్, వి వుడ్ రన్ ద క్లాస్’ అని రాయవచ్చు. అందులో ‘చేస్తారో లేదో’ అన్న మొహమాటం, దూరం ఉంటాయి. మేము మాత్రం ‘ఇఫ్ యూ హెల్ప్ అజ్, వి విల్ రన్ ద క్లాస్’ అనే రాస్తాం. మీరు సాయం చేస్తే తరగతి నడుపుతాం, ఇన్షా అల్లాహ్.