ఆయాసం మిషను



ఈ రోజు ఆయాసం గురించి మాట్లాడుకుందాం. ఆయాసానికి వాడే మిషను గురించి కూడా. దాని పేరు నెబ్యులైజర్. నోరు తిరగదు కదూ? కూడబలుక్కుని చదవండి. నె-బ్యు-లై-జర్. మన ఊళ్ళలో పొగ మిషను అంటారు. ఆవిరి మిషను అని కూడా అంటారు. నిజానికి అది పొగా కాదు, ఆవిరీ కాదు. మందునీళ్ళను గాలితో కొట్టి, మంచు తుంపరలాగా చేస్తుంది. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఏళ్ళ తరబడి దగ్గు, గళ్ళ, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఈ జబ్బును డాక్టర్లు సి.ఓ.పి.డి. అంటారు. బీడీ తాగే మగవాళ్ళకే వస్తుందని మనం అనుకుంటాం. కాదు. కట్టెల పొయ్యి ముందు కూర్చుని, ఊదుగొట్టంతో ఊది ఊది, ముప్పై ఏళ్ళు పొగ మింగిన ఆడవాళ్ళకూ వస్తుంది. పిడకల పొగా అంతే. శ్రీకాకుళం, విశాఖ వైపు కొందరు ఆడవాళ్ళు చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటారు. దానివల్ల నోటికీ చేటే, ఊపిరికీ చేటే. 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్వల వచ్చింది. ఎన్నో ఇళ్ళకు గ్యాసు వచ్చింది. అయినా నీళ్ళు కాచడానికి కట్టెలు మండిస్తూనే ఉన్నాం. ఆయాసం ఉన్న మనిషిని ఆ పొయ్యి దగ్గర కూర్చోబెట్టకండి. పొగ మానకుండా మందు ఎంత పట్టినా, చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెబుతాను. నేను నర్సుగా పనిచేసేటప్పుడు చూసింది. ఒక అత్తగారికి ఈ జబ్బు. ఆరు గంటలకొకసారి మందు పట్టమని డాక్టరు చెప్పాడు. ఒక రాత్రి ఆయాసం బాగా ఎక్కువైంది. కోడలు ఒక మందు పట్టింది. తగ్గలేదు. గంటకు ఇంకొకటి పట్టింది. తెల్లారేలోగా అయిదు పట్టింది. "ఏమ్మా, ఇన్ని ఎందుకు పట్టావు?" అని అడిగాను. "అత్తయ్య ఆయాసం చూడలేకపోయానండీ. మందే కదా, మంచే చేస్తుందనుకున్నాను" అంది. పెద్దావిడకు గుండె దడదడ, చేతులు వణుకు. పెదాలు నీలంగా అయిపోయాయి. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు. కోడలిది ప్రేమే. కానీ రెండో మందు పట్టే ముందే బండి మాట్లాడవలసింది.

అందుకే బాగా గుర్తుంచుకోండి. చెప్పిన మోతాదుతో ఆయాసం తగ్గకపోతే ఇంట్లో మళ్ళీ మళ్ళీ పట్టవద్దు. పెదాలు, గోళ్ళు నీలంగా మారినా, ఒక మాట పూర్తిగా పలకలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా వెంటనే 108కి ఫోను చెయ్యండి. మందు పట్టాక కొంచెం వణుకు, కొంచెం దడ రావచ్చు. కాసేపటికి తగ్గుతాయి. తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి.

మందు చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తుంది. ఇక్కడే మీ చదువుతో పని పడుతుంది. దాని మీద ఇ, ఎక్స్, పి అని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. పక్కన నెల, సంవత్సరం అంకెలు ఉంటాయి. ఆ తేదీ దాటితే వాడకూడదు. అంకెలు మీకు వచ్చు కదా, చూడండి. తరచుగా రెండు రకాల మందులు ఇస్తారు. సాల్బుటమాల్, ఇప్రాట్రోపియం నీళ్ళలా తేటగా ఉంటాయి. అవి గాలి గొట్టాలను వదులు చేస్తాయి. తేట మందు రంగు మారితే పారెయ్యండి. బుడెసోనైడ్ తెల్లగా, మబ్బుగా ఉంటుంది. అది వాపు తగ్గించేది. దాన్ని విప్పే ముందు మెల్లగా కదపాలి. ఏది పొద్దున, ఏది రాత్రి? డాక్టరును అడిగి, మీ చేత్తోనే తెలుగులో చీటీ రాసి డబ్బాకు అంటించండి.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి. పడుకోబెట్టి పట్టకూడదు. గిన్నెను నిలువుగా పట్టుకోవాలి. వంగితే తుంపర రాదు. మాస్కు ముఖానికి అతుక్కుని ఉండాలి. దూరంగా పట్టుకుంటే సగం మందు గాలికి పోతుంది. కంట్లోకీ పోతుంది. కంట్లో నీటికాసుల జబ్బు ఉన్నవారికి ఇప్రాట్రోపియం కంట్లో పడితే ప్రమాదం. ఆ జబ్బు ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. మూత్రం బిగిసే జబ్బు ఉన్నా చెప్పాలి. నింపాదిగా ఊపిరి పీల్చమనండి. పది, పదిహేను నిమిషాలు పడుతుంది. తుంపర ఆగిపోయి, గిన్నె బుడబుడమంటే అయిపోయినట్టు. బుడెసోనైడ్ పట్టాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, ముఖం కడగాలి. లేకపోతే నోట్లో తెల్లని పూత వస్తుంది.

కొందరు గిన్నెలో కుళాయి నీళ్ళు కలుపుతారు. కొందరు నీలగిరి తైలం చుక్కలు వేస్తారు. రెండూ తప్పే. నీళ్ళలో క్రిములు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నూనె లోపల చేరితే ఇంకా ముప్పు. కలపమంటే డాక్టరు ఇచ్చిన సెలైనే కలపాలి.

పట్టిన ప్రతిసారీ గిన్నె, మాస్కు గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడగండి. మంచినీళ్ళతో తొలిచి, విదిలించి, ఉతికిన గుడ్డ మీద ఆరబెట్టండి. చీర చెంగుతో మాత్రం తుడవకండి. మిషను లోపలికి చుక్క నీరు పోకూడదు. ఒకరి మాస్కు ఇంకొకరికి వద్దు. పక్కింటి పాప దగ్గుతుంటే "మా మిషను పట్టండి వదినా" అంటాం. మనసు మంచిదే. కానీ ఆ మందు పాపకు ఎంత కావాలో మనకు తెలియదు.

కరెంటు పోతే ఏం చెయ్యాలి అని ఎవరో అడిగారు. చేత్తో నొక్కే పంపు ఉంటుంది. దాన్ని స్పేసర్ అనే బుడ్డికి తగిలించి సరిగ్గా పీలిస్తే మిషనంత పనీ చేస్తుంది. అలవాటు పడిపోతామనే భయం వద్దు. ఆ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవచ్చేమో మీ డాక్టరును అడగండి.

ఇప్పుడు మిషను తీస్తాను. వెనక ఉన్నవాళ్ళు ముందుకు రండి. ఎవరైనా ఒకరు ఈ మందు మీది తేదీ పైకి చదవండి.